లిఫ్టు నెమ్మదిగా నడపబడును

లోకంలో కొట్టు అనేది ఒక్కటే ఉండాలి. రెండోది ఉండకూడదు. ఈ మాట తొందరపడి అనడం లేదు. రెండు పూటల గిన్నెలు తోముతూ ఆలోచించి మరీ చెబుతున్నాను.

రెండు కొట్లుంటే ఏమవుతుందో మీకు తెలియనిదా? ఈ కొట్టువాడు విసుక్కుంటే ఆ కొట్టుకి పోతాం. ఆ కొట్టువాడు నవ్వుతూ పలకరిస్తాడు. అది చూసి ఈ కొట్టువాడూ నవ్వడం నేర్చుకోవాలి. ఈ వయసులో అతనికెందుకండీ అంత శ్రమ!

కంప్యూటర్ ఆటలు అమ్మే లోకం ఈ సత్యాన్ని ఎప్పుడో గ్రహించింది. అక్కడ వేరే కొట్లు లేవని కాదు. ఉన్నాయి, ఊరవతల గోదాముల వెనక టీ బండి ఉన్నట్టు. జనం వెళ్లేది మాత్రం ఒక్క పెద్దకొట్టుకే. దానికి గోడలుండవు, గల్లాపెట్టె దగ్గర మనిషుండడు. ఎవరైనా సరుకు పెట్టుకోవచ్చు. ఎక్కడ పెట్టారో కనుక్కోవడం మాత్రం కొనేవాళ్ల అదృష్టం.

నాకీ జ్ఞానం మా ఆడపడుచు వల్ల అబ్బింది. ఆవిడ బ్యాంకు యాప్‌లకు బటన్లు గీసే ఉద్యోగం మానేసి, మా వంటింటి పక్క గదిలో కూర్చుని మూడేళ్లు ఒక్కతే ఒక ఆట తయారుచేసింది. ఆటలు ఆడేవాళ్లని తిట్టడం మాకు అలవాటే కానీ, చేసేవాళ్లని ఏమనాలో తెలియక ఇంట్లో అందరం ఊరుకున్నాం.

ఆట ఏమిటంటే, పన్నెండంతస్తుల ఆఫీసులో లిఫ్టు నడిపే మనిషికి ఉద్యోగంలో అది ఆఖరి రోజు. ఎక్కేవాళ్లు ఎక్కుతారు, తమ గొడవలు చెప్పుకుంటారు, దిగిపోతారు. ఆ మనిషి మా మామగారే. ముప్పై ఒక్క ఏళ్లు లిఫ్టు నడిపారు. పన్నెండో అంతస్తు పెద్ద ఆఫీసర్లది. అక్కడ తలుపు తీయడం, పక్కకి ఒదగడం, మళ్లీ తలుపు వేయడం. అన్నేళ్లలోనూ ఆ గడప దాటి ఒక్క అడుగు వేయలేదు. ఆ వరండా కిటికీలోంచి నది కనబడుతుందని ఎవరో చెప్పారట. "కనబడుతుందట" అని ఇంటికొచ్చి చెప్పేవారు. ఆయన పోయి నాలుగేళ్లయింది. ఆట చివర్లో ఆయన ఆ గడప దాటుతారు. అంతే ఆట. మొత్తం గంటా నలభై నిమిషాలు.

లిఫ్టు చప్పుడు మా మిక్సీది. గర్వంగా చెప్పుకుంటున్నాను. పదిహేనేళ్లనాటి ఆ మిక్సీ మూలుగు విని, "అచ్చం మీ నాన్న లిఫ్టే" అని మా అత్తగారు ఆమోదముద్ర వేశారు. కొత్త మిక్సీ కొనుక్కునే యోగం నాకు ఆ రోజుతో పోయింది.

సరే, ఆటని పెద్దకొట్లో పెట్టాం. ఇక చూడండి ఆ కొట్టు తల్లి చల్లని దయ!

ముందు, ఆటలో లిఫ్టు ఉంది, లిఫ్టు కదులుతుంది, కాబట్టి ఇది వాహనమని ఆ కొట్టు యంత్రం తీర్మానించింది. లారీలు తోలే ఆటల పక్కన పెట్టింది. లారీ అభిమానులు ఎగబడి వచ్చారు. "స్టీరింగ్ ఏది?" అన్నారు ఒకరు. "ఎంతసేపూ పైకీ కిందికీనేనా? మలుపులు లేవా?" అన్నారు ఇంకొకరు. ఎంత లోతైన విమర్శ! మూడేళ్లుగా మా ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు.

తర్వాత, కొట్టు తెరవగానే కనబడే మొదటి పేజీ సంగతి. ఆట అందులో కనబడాలంటే బాగా అమ్ముడుపోవాలి. బాగా అమ్ముడుపోవాలంటే అందులో కనబడాలి. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు! మన పెద్దలు ఊరికే సామెతగా వాడి వదిలేసిన దాన్ని వాళ్లు వ్యాపారంగా మార్చుకున్నారు. తెలివంటే అది.

అన్నిటికంటే గొప్పది రెండు గంటల వరం. కొన్న ఆటని రెండు గంటల కంటే తక్కువ ఆడితే, కారణం చెప్పనక్కర్లేకుండా తిరిగి ఇచ్చేయవచ్చు. కొనేవాళ్లకి ఎంత ధీమా! మా ఆట గంటా నలభై అని చెప్పాను కదా. జనం మొదటి అంతస్తు నుంచి పన్నెండు దాకా పూర్తిగా ఆడారు. నది చూశారు. ఏడ్చారు. "మా నాన్న గుర్తొచ్చాడు, కళ్లు తుడుచుకోవడానికి లేవాల్సి వచ్చింది" అని ఒకాయన రాశారు. లేచిన మనిషి అటునుంచి అటే వెళ్లి ఆటని వాపసు చేశారు.

"ఏడ్చి మరీ తిరిగిచ్చాడు వదినా!" అంది ఆడపడుచు, నవ్వాలో ఏడవాలో తెలియక.

"నయం కదూ, ఏడిపించినందుకు నష్టపరిహారం అడగలేదు" అన్నాను.

ఆడపడుచు కొట్టువారికి ఉత్తరం రాసింది. చిన్న కథకి చిన్న గడువు పెట్టకూడదా అని, చాలా వినయంగా, నాలుగుసార్లు దిద్ది. ఒక్క నిమిషంలో జవాబు! మన ఆఫీసుల్లో ఎక్కడైనా ఉందా ఆ వేగం? "మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది. మీ సమస్య పరిష్కారమైందని సంతోషిస్తున్నాం. ఇట్లు, మీ ఆత్మీయ బృందం." ఉత్తరం చదవకుండానే సమస్య పరిష్కరించగల ఆత్మీయులు మీకెవరైనా ఉన్నారా? నాకు మావారు ఒక్కరే ఉన్నారు.

ఆడపడుచు మొహం చూడలేకపోయాను. నెలాఖరుకి ఈ ఆట నిలదొక్కుకోకపోతే మళ్లీ బటన్ల ఉద్యోగానికి పోవాలి. పాత ఆఫీసువాళ్లు అప్పటిదాకా కుర్చీ ఖాళీగా ఉంచుతామన్నారు. అందుకని నేనే ఒక సలహా పారేశాను. పాలు చాలకపోతే నీళ్లు కలిపే చేతికి ఇంకేం సలహా తడుతుంది?

"లిఫ్టు కాస్త నెమ్మదిగా పోతే ఏం పోయింది? అంతస్తుకి రెండు నిమిషాలు కలిపినా రెండు గంటలు దాటేస్తుంది కదా."

ఆవిడ నా మొహంకేసి చూసింది. "నువ్వు ఇంట్లో ఉండిపోవడం ఈ దేశానికి నష్టం వదినా" అంది. అన్నదే తడవుగా లిఫ్టు వేగం తగ్గించింది. ఆట రెండు గంటల నాలుగు నిమిషాలయింది. మేమిద్దరం ఎంత తెలివైనవాళ్లమో చెప్పుకుంటూ ఆ పూట అన్నం తిన్నాం.

మరునాటి నుంచి జనం ఐదో అంతస్తు దగ్గరే ఆవలించి తిరిగి ఇచ్చేయడం మొదలుపెట్టారు. ఇదివరకు కడుపునిండా తిని పళ్లెం వెనక్కి ఇచ్చేవారు. ఇప్పుడు రెండు ముద్దలు ఎంగిలి చేసి ఇస్తున్నారు. "ఈ లిఫ్టు కంటే మెట్లు నయం" అన్న ఒక్క వాక్యానికి ఆరువందల మంది చప్పట్లు కొట్టారు!

నాలుగో రోజు ఉదయం, నేను బట్టలు ఆరేస్తుంటే, మా అత్తగారు ఆ గది గుమ్మంలో ఆగిపోయారు. లోపల్నుంచి మా మిక్సీ చప్పుడు, జ్వరం వచ్చిన మనిషి మూలుగులా సాగి సాగి వినబడుతోంది.

"ఎవరిదే ఆ లిఫ్టు?"

"నాన్నదే అమ్మా."

"మీ నాన్నదా! ఆయన లిఫ్టు ఎప్పుడే అంత నీరసంగా నడిచింది? సంతకాల వేళకి ఒక్క నిమిషం ముందు పరిగెత్తుకొచ్చినవాళ్లని కూడా టైముకి చేర్చేవారు."

"అది కాదమ్మా, రెండు గంటలు దాటాలి. కొట్టువాళ్ల రూలు."

"ముప్పై ఒక్క ఏళ్లు ఆయన్ని ఆలస్యం అన్నవాడు లేడు. ఇప్పుడు కన్నకూతురు అనిపిస్తోంది, ఊరందరిచేతా."

సలహాదారు చేతిలో తడి దుప్పటి ఉంది కాబట్టి, దాన్ని అవసరానికి మించి పిండుతూ నిలబడింది.

మధ్యాహ్నానికల్లా లిఫ్టు మళ్లీ మామగారి వేగానికి వచ్చింది. మళ్లీ గంటా నలభై. "పోతే పోనీ వదినా, ఆయన్ని నీరసంగా నడిపించలేను" అంది ఆడపడుచు. పాత ఆఫీసుకి ఫోన్ చేసి, సోమవారం నుంచి వస్తానని చెప్పింది.

ఆదివారం పొద్దున అత్తగారు ఆట తనకీ కావాలన్నారు. "ఊరికే వద్దు, అందరిలాగే కొంటాను." మావారు కొనిపెట్టారు. ఆవిడ కళ్లద్దాలు తుడుచుకుని, కొంగు సర్దుకుని కూర్చున్నారు. మౌస్ పట్టుకోవడం రాక మొదటి అంతస్తులోనే ఇరవై నిమిషాలు. వచ్చాక మాత్రం లిఫ్టు ఎక్కిన ప్రతివాళ్లతోనూ మాట్లాడారు. ఫైళ్ల గుమాస్తా చెప్పింది రెండుసార్లు విన్నారు. దూరంగా వరండాలో నడిచొచ్చే వాళ్ల కోసం తలుపు పట్టుకుని ఆగారు.

"వాళ్లు ఉత్త బొమ్మలమ్మా! లిఫ్టు ఎక్కరు, ఊరికే నడుస్తారంతే" అంది ఆడపడుచు.

"ఎక్కుతారేమో. మీ నాన్న అయితే ఆగేవారు."

పన్నెండో అంతస్తు వచ్చింది. తలుపు తెరుచుకుంది. ఎదురుగా వరండా, చివర కిటికీ. అత్తగారు మౌస్ మీంచి చెయ్యి తీసేశారు.

"అడుగు వేయండత్తయ్యా" అన్నాను.

"ఉండవే. ఆయన అన్నేళ్లు ఆగారు. నేనింకాసేపు ఆగితే కొంపలు మునుగుతాయా?"

ఎంతసేపు ఆగారో నేను చూడలేదు. స్టవ్ మీద ఏదో మాడుతోందని వంటింట్లోకి వెళ్లిపోయాను. స్టవ్ వెలిగించనే లేదని తర్వాత గుర్తొచ్చింది. తిరిగొచ్చేసరికి తెర నిండా నది. "కనబడుతుందే! నిజంగానే కనబడుతుంది" అంటున్నారావిడ. ఆడపడుచు తల్లి కుర్చీ వెనక నిలబడి, రెండు చేతులతో కుర్చీ పట్టుకుని ఉంది.

తెర మూలన కొట్టువారి లెక్క కనిపించింది. ఆడిన సమయం: మూడు గంటల పది నిమిషాలు. కింద ఒక గమనిక: "ఈ ఆటను ఇక తిరిగి ఇవ్వడం కుదరదు."

"ఎవరిస్తారట!" అన్నారు అత్తగారు.

కనుక పాఠకులారా, పెద్దకొట్టు మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. మామగారు ముప్పై ఒక్క ఏళ్లు అందరినీ పైకి చేర్చి, తాను గడప ఇవతలే ఉండిపోయారు. ఆయన కూతురు ఆయన్ని ఆ గడప దాటించింది. తన గడప దగ్గర, అంటే మొదటి పేజీ ముందు, తాను ఉండిపోయింది. వంశాచారం నిలబెట్టిన కొట్టుని తప్పుపడతామా?

చిన్న విన్నపం మాత్రం చేశాను. గడువు మార్చడం మీకు కష్టమైతే, కొనే ప్రతి ఇంటికీ మా అత్తగారిలాంటి మనిషిని ఒకరు చొప్పున పంపిణీ చేయగలరా అని సోమవారం ఉదయం, ఆడపడుచు ఆఫీసుకి బస్సెక్కగానే, స్వయంగా రాశాను.

మిక్సీ మూత పెట్టేలోపు జవాబొచ్చింది. నా అభిప్రాయం వాళ్లకి ఎంతో విలువైనదట. నా సమస్య పరిష్కారమైందట.