చీమ కోసం ఊడదీసిన కళ్లద్దం

గుమాస్తా దుప్పట్లోంచి తల బయటపెట్టకముందే శుభవార్త వచ్చేసింది. కొత్తగా కాపురానికొచ్చిన అతని భార్య పంపిన చీమ ఫొటో పిల్లల పత్రిక వాళ్లకు నచ్చిందట. మరీ చిన్నగా, మసకగా ఉందనీ, ఇంకా దగ్గర్నుంచి తీసి సాయంత్రంలోగా పంపితే ముఖచిత్రంగా వేస్తామనీ సంపాదకురాలు ఫోన్ చేసి చెప్పింది.

"ముఖచిత్రమండీ! లేవండి, లేవండి!"

ఆదివారం. వారమంతా కరెంటాఫీసు కౌంటర్లో జనం చేత చీవాట్లు తిన్న గుమాస్తా, ఇవాళ మధ్యాహ్నం దాకా పక్క దిగకూడదని నిర్ణయించుకున్నాడు. కానీ పెళ్లయి నిండా మూణ్ణెల్లు కాలేదు. ఆవిడ ముఖం అలా వెలిగిపోతుంటే మళ్లీ ముసుగు తన్నడం ఎవరి తరం? ఒళ్లు విరుచుకుని లేచాడు.

ఆ ఇంటి కొత్త కోడలి దగ్గరున్నది పెళ్లికి వాళ్లన్నయ్య ఇచ్చిన చవక కెమెరా. ఎక్కడో దూరాన ఉన్న కొండను తీస్తుంది గానీ, జానెడు దూరంలో ఉన్న వస్తువు మాత్రం దాని కంటికి ఆనదు. కెమెరా అద్దం మీద నీటిచుక్క పెట్టి చూసింది. చుక్క జారి మీటల్లోకి పోబోయింది. చివరికి ఆమె చూపు మామగారు పేపరు చదివే కళ్లజోడు మీద పడింది. సీసా అడుగులాంటి దళసరి అద్దాలు.

"పక్కనున్న మర వదులు చేస్తే ఎడమవైపు అద్దం ఇట్టే వచ్చేస్తుందండీ. మావయ్యగారు స్నానం చేసి వచ్చేలోపు మళ్లీ పెట్టేద్దాం."

"అడిగి తీసుకోవచ్చుగా?"

"అడిగితే ఇవ్వరు కదా!"

అంటూనే కోడలు అద్దం ఊడదీసేసింది. టూత్‌పేస్టు అట్టపెట్టెను కత్తిరించి గొట్టంలా చుట్టి, కొసన కళ్లద్దాన్ని టేపుతో అంటించి, ఆ గొట్టాన్ని కెమెరాకు తొడిగింది. గుమాస్తా ఆఫీసు సాక్సులో బియ్యం నింపి, దాన్ని కెమెరాకు తలగడ చేసింది. టేబుల్ లైటు ముందు పల్చటి తెల్లకాగితం కట్టి అతని చేతికిచ్చింది. వంటింటి గట్టు మీద పంచదార చల్లగానే చీమలు బారులు తీరాయి.

"కెమెరానే ముందుకీ వెనక్కీ జరపాలి. బొమ్మ తేటపడ్డ చోట నొక్కెయ్యాలి. మీరు కాస్త ఊపిరి బిగబట్టండి, చీమలు చెదిరిపోతున్నాయి."

"ఎంతసేపు?"

"చీమ నిలబడేదాకా."

చీమ నిలబడలేదు. గుమాస్తా భుజం మాత్రం పడిపోయింది.

అంతలో పంపులో నీళ్లు ఆగిపోయి పెద్దాయన స్నానం సగంలోనే ముగిసింది. హాల్లో కూర్చుని, అలవాటు చొప్పున చూడకుండానే కళ్లజోడు తగిలించుకుని పేపరు తెరిచాడు. మరుక్షణం భార్యకి వినపడేలా కేక పెట్టాడు.

"ఒసేయ్, నా ఎడమకన్ను పోయిందే!"

గుమాస్తా లైటుతో సహా పరుగెత్తాడు. తండ్రి ఒక కన్ను మూసి, ఇంకో కన్ను మూసి పేపరు చూసుకుంటున్నాడు. "కుడికంటికి అక్షరాలు శుభ్రంగా ఉన్నాయిరా. ఎడమకంటికి అంతా అలికేసినట్టుంది."

నిజం చెప్పడానికి అదే సమయం. చెప్పబోయాడు కూడా. వంటింట్లోంచి "ఏమండీ, ఒకటి నిలబడింది! లైటు!" అని వినిపించేసరికి, "ఏం కాదు నాన్నా, పొద్దున్నే కళ్లు అలాగే మసకేస్తాయి" అనేశాడు.

"మసకేస్తే రెండూ మసకేయాలి గానీ ఒక్కటే ఎందుకేస్తుందిరా?" అంటూ పెద్దావిడ పక్కూళ్లో ఉన్న కూతురికి ఫోన్ చేసింది. "నాన్నకి కన్ను పోయిందే" అన్నంత వరకే విని ఆ పిల్ల ఏడుస్తూ బస్సెక్కేసింది. గోలకి పక్కింటి రిటైరైన కాంపౌండరు వచ్చాడు. జబ్బు పేరు చెప్పకుండా ఏ ఇంటినుంచీ కదిలే మనిషి కాదాయన.

"నరం. కంటి వెనక నరం ఎండిపోయింది."

"ఆపరేషనా తమ్ముడూ?" అడిగింది పెద్దావిడ.

"ముందు చుక్కలు వేసి చూద్దాం. కాసిని మంచినీళ్లు ఇవ్వండక్కయ్యా."

నీళ్ల కోసం వెళ్లిన పెద్దావిడ గట్టు మీద చీమల దండు చూసి, కోడలు వద్దు వద్దంటున్నా తడిగుడ్డతో ఒక్క తుడుపు తుడిచేసింది. హాల్లో గుమాస్తా నోరు తెరిచిన ప్రతిసారీ ఎవరో ఒకరు అతని భుజం తట్టి ధైర్యం చెబుతున్నారు. ఆలస్యమైన కొద్దీ చెప్పాల్సిన మాట బరువెక్కిపోతోంది.

"తల వెనక్కి వాల్చండి బావగారూ."

కంగారులో కళ్లజోడు తీయించడం కాంపౌండరు మర్చిపోయాడు. జేబులోంచి మందుసీసా తీసి వంచాడు. చుక్క సూటిగా వెళ్లి కంట్లో పడింది.

"అబ్బ, చల్లగా ఉందయ్యా!" అన్నాడు పెద్దాయన.

 కాంపౌండరు సీసా వంక చూశాడు, కళ్లజోడు వంక చూశాడు. పెద్దాయన మెల్లగా వేలెత్తి పెట్టి చూసుకున్నాడు. వేలు తిన్నగా రెప్పకి తగిలింది.

"అద్దమేదిరా?"

"నా దగ్గరుంది మావయ్యా." గుమ్మంలో కోడలు, చేతిలో కెమెరా, కళ్లనిండా నీళ్లు. "చీమ కోసం తీశాను. అత్తయ్యగారు గట్టు తుడిచేశారు. ఇంక చీమా లేదు, ముఖచిత్రమూ లేదు."

తిట్టడానికే నోరు తెరిచిన పెద్దాయన, టూత్‌పేస్టు గొట్టం కొసన తన అద్దాన్ని చూసి ఆగాడు. "ఏదీ, దాంతో నా కన్ను తియ్యి. పోయిందో లేదో నేనే చూసుకుంటా. ఒరేయ్, లైటు పట్టు!"

కోడలు ముక్కు ఎగబీల్చి, ఊపిరి బిగబట్టి, ముందుకీ వెనక్కీ జరిగి నొక్కింది. కెమెరా తెర మీద కంటిపాప చుట్టూ తేనెరంగు గీతలు. రెప్ప వెంట్రుక కొసన వేలాడుతున్న మందుచుక్క. ఆ చుక్కలో తలకిందులుగా హాలు కిటికీ. పెద్దాయన మిగిలిన అద్దంలోంచి ఆ బొమ్మను వంగి చూశాడు.

"ఇది నాదేనా అమ్మాయ్? ఇన్నాళ్లూ నా ముఖానే ఉందా?"

ఆశ వదులుకునే పంపింది కోడలు. సంపాదకురాలు వెంటనే ఫోన్ చేసింది. చీమ అక్కర్లేదట, ముఖచిత్రం ఈ కన్నేనట. లోపలి పేజీలకు ఆ మనిషివే ఇంకొన్ని కావాలట. కోడలు ఎగిరి గంతేసింది. "నాన్నా!" అంటూ అప్పుడే లోపలికొచ్చిపడిన కూతురితో పెద్దాయన, "పక్కకి జరగవే, వెలుతురుకి అడ్డొస్తున్నావ్" అన్నాడు.

"ఈయనది మందేసిన కన్ను. ముందు నాది తీస్తే తెలుస్తుంది" అంది పెద్దావిడ. కాంపౌండరు తన బొటనవేలి గోరు చూసుకున్నాడు.

"అందరివీ తీద్దాం. రేపు పొద్దున్నే నా చెవితో మొదలు" అని పెద్దాయన ప్రకటించాడు. "ఒరేయ్, రేపు ఆఫీసుకి సెలవు పెట్టు. లైటు పట్టుకోవాలి."

సెలవుకి కారణం ఏమని చెప్పాలో ఆలోచిస్తూ గుమాస్తా లైటును రెండో చేతికి మార్చుకున్నాడు.