నిష్పక్షపాత క్లిప్పు

మహమ్మారి కాలంలో ఆ పెద్దాసుపత్రి ఎవరిపట్లా వివక్ష చూపలేదని పాఠకులకు ముందుగానే మనవి. గేటుకు కట్టిన బ్యానరే ఇందుకు సాక్ష్యం. దానిమీద రకరకాల రంగుల చేతులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. రోజూ దాని దుమ్ము దులిపేది ఆసుపత్రి ఊడ్చి కడిగే ఆయమ్మ. ఆమె చేతి రంగూ అందులో ఉంది కానీ, చివరన కాస్త మడతలో పడింది.

ఆయమ్మది కింది వీధులు. అక్కడివాళ్లంతా నల్లటి మనుషులు. ఊళ్లో బస్సులు నడిపేదీ, చెత్త ఎత్తేదీ, ఆసుపత్రులు కడిగేదీ వాళ్లే. అందరూ ఇళ్లలోనే ఉండాలని ప్రభుత్వం ప్రకటించినప్పుడు, ఆ అందరిలో తాము లేమని వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేకపోయింది. ఆయమ్మ భర్త బస్సు డ్రైవరు. జబ్బు ఆయన్ని బస్సులోనే పట్టుకుంది.

ఆసుపత్రి నియమం బహు తేలిక. వేలికి క్లిప్పు పెడతారు. రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో అంకె వస్తుంది. తొంభై రెండు, అంతకు తక్కువ అయితే మంచం. లేకపోతే ఇల్లు. డ్రైవరుకు తొంభై ఐదు వచ్చింది. అప్పటికే ఆయన రెండు మాటలకోసారి ఆగి రొప్పుతున్నాడు. డ్యూటీ డాక్టరు మంచివాడు, అంకె చూసి మనస్ఫూర్తిగా సంతోషించి ఇంటికి పంపాడు. మర్నాడు తొంభై నాలుగు. పక్క కుర్చీలో పేపరు చదువుకుంటున్న పై వీధుల తెల్లటి పెద్దమనిషికి తొంభై ఒకటి వచ్చింది, మంచం దొరికింది.

రక్తం తీసి చూస్తే అసలు సంగతి తేలుతుందని ల్యాబులో ఎవరో ఆయమ్మ చెవిన వేశారు. వెళ్లి అడిగింది. ఆ పరీక్ష చేర్చుకున్న రోగులకేనట. చేర్చుకోవాలంటే అంకె తగ్గాలట.

మూడోరోజు పొద్దున స్టోరుగది సర్దుతుంటే క్లిప్పుల పెట్టెలోంచి ఒక కాగితం జారిపడింది. చీమ తలకాయంత అక్షరాలు. నల్లటి చర్మం మీద ఈ క్లిప్పు అసలు కంటే మూడు నాలుగు అంకెలు ఎక్కువ చూపవచ్చునని అందులో ఉంది. తయారుచేసినవాళ్లు తమ ఆఫీసు ఉద్యోగుల వేళ్లమీదే దాన్ని సరిచూసుకున్నారట. ఆ ఆఫీసులోనూ నల్లటి వేళ్లు ఉండే ఉంటాయి, నేల తుడుస్తూ తీరిక లేక రాలేదు కాబోలు.

ఆ మధ్యాహ్నం డ్రైవరు మూడోసారి వచ్చాడు. తొంభై మూడు. ఆయమ్మ కాగితం డాక్టరు చేతిలో పెట్టింది.

"నిజమేనమ్మా," అన్నాడాయన రెండుసార్లు చదివి. "కానీ ఫారంలో అంకె వేసే గడే ఉంది. అందులోంచి మూడో నాలుగో తీసేసే గడి లేదు."

"అంకెను కాదయ్యా, ఆయన్ని చూడండి. రాత్రంతా పడుకోలేదు. కూర్చునే ఊపిరి లాగుతున్నాడు."

డాక్టరు ఆయన్ని చూశాడు. తర్వాత క్లిప్పును చూశాడు. ఒక్క అంకె తేడాతో పాసైన డ్రైవరు ఇంటి మెట్లదాకా వెళ్లి, అక్కడ కూర్చుని, మళ్లీ లేవలేదు. ఆయమ్మ గుండె పగిలేలా ఏడ్చింది. సెలవు రెండు రోజులే ఇవ్వడంతో మూడోరోజుకు ఆపుకుని పనిలోకి వచ్చింది.

ఆ నెలాఖరున సమీక్షా సమావేశం జరిగింది. ఆయమ్మ టీ కప్పులు ఎత్తుతుండగా సూపరింటెండెంటుగారు గద్గద స్వరంతో ప్రసంగించారు.

"కింది వీధుల్లో మరణాలు మూడింతలు ఎక్కువగా ఉన్నాయి. ఇది మనల్ని కలచివేసింది. మన క్లిప్పుకు జాతి తెలియదు, రంగు తెలియదు. దానికి అందరి వేళ్లూ ఒకటే. కనుక లోపం వేరేచోట ఉంది. వాళ్లు ఆసుపత్రికి ఆలస్యంగా వస్తున్నారు."

"మూడుసార్లు వచ్చాడయ్యా," అంది ఆయమ్మ. అప్పటికే చప్పట్లు మొదలయ్యాయి.

ఊపిరి అందకపోతే ఆలస్యం చేయక వెంటనే రండి అంటూ పోస్టర్లు వేయాలని తీర్మానమైంది. ఆ వీధులు తెలిసిన మనిషి కాబట్టి అంటించే బాధ్యత ఆయమ్మకే అప్పగించి, ఆమె సేవాభావాన్ని మినిట్సులో మెచ్చుకున్నారు. మొదటిది ఆమె తన ఇంటి మెట్ల పక్కనే అంటించింది.

అటుగా వెళితే మీరూ చదవవచ్చు. ముందు మీ వేలి రంగు ఒకసారి చూసుకోండి. తెల్లగా ఉంటే ఆ పోస్టరుతో మీకు పనిలేదు. ఇంతవరకు ఈ కథతో ఎలా పనిలేదో, అలాగే.