మావగారి క్లినిక్కులో మౌసు

ఆ ఉదయం అల్లుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. పళ్ల డాక్టరైన మావగారి క్లినిక్కుకు వెళ్లడం, తాను రాసిన ప్రోగ్రాం చూపించడం, శభాష్ అనిపించుకుని భోజనం వేళకు ఇల్లు చేరడం. తెరమీది బటన్ నొక్కితే చాలు, బయట కూర్చున్న పేషెంట్లలో తర్వాతివారి నంబరును స్పీకరు పిలుస్తుంది.

"ఇది కూడా బెడిసికొట్టిందంటే మా నాన్న నిన్ను ఈ జన్మలో నమ్మరు," అని భార్య గుమ్మంలోనే హెచ్చరించింది. పెళ్లయిన నాటినుంచీ ఆ నమ్మకం కోసమే పాపం అల్లుడు నానా పాట్లూ పడుతున్నాడు.

క్లినిక్కులో కుర్చీమీద ఒక పోలీసు ఇన్‌స్పెక్టరు బిగుసుకు కూర్చున్నాడు. ఎందరు దొంగల నోళ్లు తెరిపించాడో గానీ, తన నోరు మాత్రం తెరవడం లేదు. పీకాల్సిన పన్ను లోపలే ఉంది.

"కాస్త తెరవండి సార్, చూస్తానంతే!" అని మావగారు బతిమాలి బతిమాలి, విసుగెత్తి, అల్లుడు అప్పుడే ప్రోగ్రాం ఎక్కించిపెట్టిన కంప్యూటరు వైపు తిరిగారు. శుభ్రత అంటే ఆయనకు ప్రాణం. ముందుగా గుడ్డ తీసుకుని మౌసును తుడవసాగారు.

తెరమీది బాణం బటన్ మీదుగా వెళ్లినప్పుడల్లా స్పీకరు ఒక్కో నంబరు పిలిచింది. నొక్కితే పిలవమని రాయాల్సిన చోట, తాకితేనే పిలవమని రాసి చచ్చాడు అల్లుడు.

"ఆపవయ్యా దాన్ని!"

"స్పేస్ కీ నొక్కండి మావయ్యగారూ, ఆగిపోతుంది!"

ఒకసారి నొక్కితే ఆగుతుంది, మళ్లీ నొక్కితే మొదలవుతుంది. మావగారు కంగారులో వేలు తీయనే లేదు. నొక్కిపెట్టిన కీని కంప్యూటరు పదేపదే నొక్కినట్టే లెక్కేసింది. స్పీకరు "ఐ... ఐ... ఐదు" అని నసగడంతో బయటివాళ్లంతా "నన్నేనా?" అంటూ తలుపు దగ్గర మూగారు.

ఇక లాభం లేదని అల్లుడు మౌసు లాక్కుని తెరమీది ప్రోగ్రాం విండో మూసేశాడు. క్లినిక్కు కట్టేసేటప్పుడు ఎవరినీ మరిచిపోకూడదని, విండో మూయగానే మిగిలినవాళ్లందరినీ లోపలికి పిలిచే ఏర్పాటు చేసింది కూడా ఆ మహానుభావుడే.

తలుపు బార్లా తెరుచుకుంది. "నా వంతు!" "కాదు, నాదే!" అంటూ జనం కుర్చీమీద పడ్డారు.

"ఎవర్రా అది! లైన్లో నిలబడండి!" అని ఇన్‌స్పెక్టరు అలవాటు కొద్దీ నోరారా గద్దించాడు.

అదే అదనుగా మావగారు మత్తు సూది గుచ్చేశారు. ఆ తర్వాత పన్ను మారుమాట లేకుండా బయటికొచ్చింది.

ఈలోగా అల్లుడు పరువు పోయిందని కుమిలిపోతూ, మూలన కూర్చుని తప్పులన్నీ దిద్దేశాడు. మావగారు చేతులు కడుక్కుని వచ్చి భుజం తట్టారు.

"అల్లుడుగారూ! రేపు ఈ ఇన్‌స్పెక్టరుగారి పై అధికారి వస్తున్నారు. ఆయనా నోరు తెరిచే రకం కాదు. మీ ఏర్పాటు ఇలాగే ఉంచండి!"

"అది... ఇప్పుడే బాగుచేసేశాను మావయ్యగారూ."

"ఎవరు చెయ్యమన్నారు?"

తెలియక ఒక్క నిమిషంలో చేసిన తప్పును, తెలిసి మళ్లీ చేసేసరికి అల్లుడికి తెల్లారిపోయింది.