ఎర్ర మొన తూటాలు

జింకల వేట మొదలయ్యే శనివారం ఉదయం హార్లన్ స్ట్రేయర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. వెలుగు రాకముందే వాగు దాటి, రెండు హెమ్లాక్ చెట్ల మధ్య కూర్చుంటాడు. జింక వస్తే కాలుస్తాడు, రాకపోతే చలికి వణుకుతాడు. మధ్యాహ్నానికి కొండ కింది చెక్క ఇంటికి తిరిగివచ్చి, గురువారం పండక్కి మిగిలిన టర్కీ కోడిమాంసం కూరి భార్య వెర్నా కాల్చిన రొట్టె తింటాడు. అరవై రెండేళ్ళ మనిషికి ఇంతకంటే పెద్ద కోరికలు ఉండవు.

ఆ ఏడు కొత్తది ఒక్కటే, తూటాలు. అతనిది తండ్రి వాడిన పాత లీవర్ రైఫిల్. కింద మీట లాగితే, బ్యారెల్ కింద ఉన్న ఇంకో సన్నని గొట్టంలో ఒకదాని వెనక ఒకటిగా పడుకున్న తూటాలు ఒక్కొక్కటే పైకి వస్తాయి. నలభై ఏళ్ళుగా అందులో మొండి మొన తూటాలే వేశాడు. ఈసారి దుకాణానికి వెర్నాను పంపితే ఆమె ఎర్ర మొనలున్న సూదిలాంటివి తెచ్చింది. అట్టపెట్టె మంచులో తడిసిందని తూటాలు బిస్కట్ల డబ్బాలో పోసి, పెట్టెను పొయ్యిలో వేసింది. హార్లన్ వసారాలో నిలబడి, చూడముచ్చటగా ఉన్నాయనుకుంటూ ఆరింటిని గొట్టంలోకి నెట్టాడు.

పక్క ఇంటి ఎమెట్ అప్పుడే కాఫీ కోసం వచ్చాడు. ఎనభై ఏళ్ళ ముసలాయన. డబ్బాలోకి తొంగిచూసి, చేతిలో ఖాళీ కప్పు మెల్లగా మెట్టు మీద పెట్టాడు.

"ఇవేనా గొట్టంలో వేశావు?"

"ఇవే. ఏం?"

"సూది మొన తూటాలు గొట్టంలో వెయ్యరు హార్లన్. ఒకదాని మొన పోయి ముందుదాని వీపుకు ఆనుతుంది. నిప్పు పుట్టేది ఆ వీపులోనే. చిన్న కుదుపు చాలు. ఒకటి పేలితే ఆరూ పేలతాయి."

హార్లన్ చేతులు తుపాకీకి అతుక్కుపోయాయి. గొట్టం సరిగ్గా అతని ఎడమ అరచేతిలో ఉంది. నెమ్మదిగా తుపాకీ మొనను ఖాళీగా ఉన్న కొండవాలు వైపు తిప్పి, అక్కడే ఆగిపోయాడు.

"మీట లాగి బయటికి తీసేస్తాను" అన్నాడు, పెదవులు మాత్రమే కదిపి.

"మీట లాగితే లోపల స్ప్రింగు ఒక్క తోపు తోస్తుంది. ఆ తోపే కుదుపు."

"పోనీ కాల్చేస్తే?"

"కాలిస్తే తన్నుతుందిగా. అది ఇంకా పెద్ద కుదుపు" అని ఎమెట్ వెనక్కి వెనక్కి నడిచి కట్టెల మోపు వెనక కూర్చున్నాడు.

మాటలు విని వెర్నా, ఆమె తమ్ముడు డ్వైట్ తలుపు దగ్గరికి వచ్చారు. వసారా చెక్కలు అదిరినా ప్రమాదమేనని ఎమెట్ అక్కడినుంచే హెచ్చరించాడు. దాంతో ఇద్దరూ వెనక తలుపు గుండా చుట్టూ తిరిగి ముందుకు వచ్చారు. డ్వైట్ అలాంటిదే తన లీవర్ రైఫిల్ భుజాన తగిలించుకుని, బావగారిని సంతలో ఎద్దును చూసినట్టు చూశాడు.

"బావా, తూటాలు కొనడానికి మా అక్కను పంపావా? నీ తుపాకీ తిండేమిటో నువ్వు చూసుకోవద్దూ?"

"దుకాణం నడిపే లోయిస్ ఇచ్చింది. ఇస్తూ ఏదో చెప్పింది కూడా. నేను చేతి తొడుగులు చూస్తున్నాను, వినలేదు" అంది వెర్నా.

"వెళ్ళి అడుగు. త్వరగా. కానీ ట్రక్కు మెల్లగా స్టార్ట్ చెయ్యి" అన్నాడు హార్లన్.

ఆమె వెళ్ళింది. ఫోన్ అందని ఆ లోయలో దుకాణం నాలుగు మైళ్ళ దూరం. హార్లన్ నిలబడ్డాడు. చేతులు వణుకుతున్నాయి, వణుకు తుపాకీకి పాకుతోంది, అది చూసి చేతులు ఇంకా వణుకుతున్నాయి. ముక్కు కారడం మొదలైంది. డ్వైట్ చీపురుకర్ర చివర గుడ్డ కట్టి, దూరంనుంచి చాపి తుడవబోయి కంట్లో పొడిచాడు. ఇంతలో వాగు అవతలినుంచి పది కొమ్మల మగజింక ఒకటి వచ్చి, ముప్ఫై అడుగుల దూరంలో నిలిచి హార్లన్ను తీరిగ్గా చూసింది. నలభై ఏళ్ళలో అంతటి జింక అతనికి ఎదురుపడలేదు. "తుమ్మకు తల్లీ, అదరగొట్టకు తండ్రీ, నీ దారిన నువ్వు పో" అని దాన్ని మనసులో వేడుకున్నాడు.

దుకాణంలో వెర్నా కూడా వణుకుతూనే మాట్లాడింది. "హార్లన్ తుపాకీ పట్టుకుని వసారాలో నిలబడ్డాడు. ఎవర్నీ దగ్గరికి రానివ్వడం లేదు" అంది. ఆమె తరువాతి మాటలు వరసలో ఉన్న పాతికమంది వేటగాళ్ళు పెట్టిన గోలలో కలిసిపోయాయి. లోయిస్ మూడుసార్లు నోరు తెరిచింది. ఆమె మాట కూడా ఎవరికీ వినిపించలేదు.

ఆ తరువాత అరగంటకు హార్లన్ ఇంటి ముందుకు అగ్నిమాపక ట్రక్కు, దాని వెనక తొమ్మిది వాహనాలు వచ్చాయి. ఊరి పాస్టరు లీమన్ గారే అగ్నిమాపక దళానికి పెద్ద కూడా. ఆయన ట్రక్కు చాటునుంచి మైకు పట్టుకున్నారు.

"హార్లన్, తుపాకీ కింద పెట్టు నాయనా."

"పెట్టలేనండీ."

"ఏ కష్టమున్నా చెప్పుకో. వెర్నా నిన్ను క్షమించింది."

"నేనేం చేశానని?" అన్నాడు హార్లన్ ఏడుపు గొంతుతో. "కింద పెడితే పేలుతుందండీ."

పాస్టరు గారు దీన్ని బెదిరింపు కింద తీసుకుని, అందరినీ ఇంకో యాభై అడుగులు వెనక్కి పంపారు. ఎవరో ప్రార్థన మొదలుపెట్టారు. అందులో హార్లన్ పేరు వినపడింది. చావు సంగతి అలా ఉంచి, తను ఎందుకు చచ్చాడో ఈ ఊరు ఎప్పటికీ తప్పుగానే చెప్పుకుంటుందని అతనికి అర్థమైంది.

అప్పుడు లోయిస్ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. భారీ మనిషి, భారీ బూట్లు. మెట్లెక్కి వసారా చెక్కలు దడదడలాడేలా నడిచింది. హార్లన్ కళ్ళు మూసుకున్నాడు. ఆమె తుపాకీ లాక్కుని, కొండవాలుకే గురిపెట్టి ఉంచి, టకటకా మీట లాగింది. ఆరు తూటాలూ చెక్కల మీద గెంతుతూ దొర్లాయి. ఏమీ పేలలేదు. హార్లన్ ఉన్నచోటనే కూలబడ్డాడు.

లోయిస్ ఒకటి ఏరి, ఎర్ర మొనను గోటితో నొక్కింది. అది మెత్తగా వంగి మళ్ళీ లేచింది.

"రబ్బరులాంటిది. మొన ఆనినా గుచ్చుకోదు. లీవర్ రైఫిళ్ళ కోసమే చేస్తున్నారు. పొద్దుటినుంచి ఇదే చెబుతున్నాను, వినేవాడేడీ?"

ఎమెట్ కట్టెల మోపు వెనకనుంచి లేచి, మా కాలంలో ఇవి లేవన్నాడు. జనం నవ్వారు. అందరికంటే గట్టిగా డ్వైట్ నవ్వాడు.

"గంటన్నర రబ్బరుకు దడిచావా బావా? నాలాగా గుండె ఉండాలి. నేనూ సూది మొనవే వేశాను. ఇంట్లో నా చేత్తో చేసుకున్నవి. ఇదిగో చూడు లోయిస్."

జేబులోంచి ఒక తూటా తీసి ఇచ్చాడు. లోయిస్ గోటితో నొక్కింది. గోరు విరిగింది. మొన మాత్రం చెక్కుచెదరలేదు.

"ఇలాంటివి లోపల ఎన్ని ఉన్నాయి?" అని చాలా మెత్తగా అడిగింది.

"ఆరు" అన్నాడు డ్వైట్. అంటూనే భుజాన ఉన్న రైఫిల్ వైపు కళ్ళు మాత్రమే తిప్పాడు. నవ్వు మొహం మీదే గడ్డకట్టింది.

లోయిస్ ఈసారి బూట్లు చప్పుడు కాకుండా మెట్లు దిగింది. ఎమెట్ మళ్ళీ కట్టెల మోపు వెనక్కి వెళ్ళాడు.

ఇలాంటిది విప్పగలిగినవాడు ఆ చుట్టుపక్కల తుపాకులు బాగుచేసే మెకానిక్ ఒక్కడే. అతనూ వేటకు వెళ్ళాడు, చీకటి పడేదాకా రాడు.