పండుగకు ముందు మామిడికాయలు

ఆ ఉదయం పైడిరాజు వేసుకున్న పథకం చిన్నదే. అడవుల మధ్య ఉన్న కిరండూల్‌లో ఒక గనుల కంపెనీకి ఆయన కొనుగోలు అధికారి. క్యాంటీన్ సరుకులు అడవి పల్లెల మహిళా సంఘాల దగ్గరే కొనాలని కంపెనీ నియమం. ఆ ఎండలో పల్లెలు ఎవడు తిరుగుతాడని, ఆయన విశాఖ నుంచి రైల్లో మామిడికాయలు తెప్పించి, పక్క పల్లెలో హిడ్మే అనే ఆవిడ నడిపే సంఘం ఇచ్చిందని రాసేశాడు. ఇప్పుడు హెడ్డాఫీసు నుంచి రాజ్యశ్రీ మేడం తనిఖీకి వస్తోంది. దొరికితే ఉద్యోగం ఊడుతుంది. అందుకే హిడ్మేను క్యాంటీన్‌కు పిలిపించి మామిడికాయల బుట్టల పక్కన నిలబెట్టాడు.

"నువ్వేటీ మాటాడకు. అడిగితే తలూపు, అంతే."

బుట్టలోకి చూడగానే హిడ్మే రెండడుగులు వెనక్కి వేసింది. "ఏంది సారూ ఇది! మామిడి పండుగ కాకముందే ఎవరు కోసిన్రు? పండుగ చెయ్యంది మేం కాయ ముట్టం. నేనే కోసిన్నంటే ఊరంతా నన్ను నిలదీస్తరు!"

పైడిరాజు నెత్తి కొట్టుకున్నాడు. పన్నెండేళ్లుగా ఇక్కడి నీళ్లు తాగుతూ ఈ పండుగ సంగతే ఆయన కనుక్కోలేదు. ఇంతలో బయట జీపు ఆగింది. గబగబా బుట్టల మీద గోనెలు కప్పేశాడు.

"వాటిలో ఏమున్నాయి?" అంది రాజ్యశ్రీ వస్తూనే.

"చింతపండండి. వీళ్లదే."

"తియ్యండి, చూద్దాం."

"వద్దండీ!" పైడిరాజు గొంతు కీచుమంది. "లోపల... పాము దూరిందండి!"

పాము అనగానే వంటవాళ్లు గరిటెలు వదిలి పరుగో పరుగు. సెక్యూరిటీ వాళ్లు ఈలలు వేశారు. అగ్నిమాపక బండి గంట కొట్టుకుంటూ వచ్చింది. పాములు పట్టే బుధ్రాం కర్రతో దిగాడు. పైడిరాజుకు చెమటతో చొక్కా తడిసిపోయింది. ఒక్క పాము, చిన్నదైనా సరే, కనబడేలా చెయ్యమని సింహాచలం అప్పన్నకు మొక్కుకున్నాడు.

బుధ్రాం గోనె లేపాడు. "పాము లేదు సాబ్. మామిడికాయలే."

రాజ్యశ్రీ హిడ్మే వైపు తిరిగింది. "ఇవి మీరిచ్చినవేనా?"

పైడిరాజు కళ్లతోనే హిడ్మే కాళ్లు పట్టుకున్నాడు. సారుకు కోపమొస్తే సంఘం దగ్గర ఇక ఏమీ కొనరేమోనని హిడ్మేకూ భయమేసింది. అయినా నోరు విప్పింది.

"కాదమ్మా. మేం ఒక్క కాయ ఇయ్యలే. పండుగైనంక ఇస్తం."

"తప్పయిపోనాదండి," అన్నాడు పైడిరాజు. "అబద్ధం రాసింది నేనేనండి."

రాజ్యశ్రీ చాలాసేపు కాగితం మీద ఏదో రాసుకుంది. ఆ కలం చప్పుడుకే ఆయన ప్రాణాలు పైకి పోతున్నాయి.

"మూడు జిల్లాలు తిరిగాను," అంది చివరికి. "అడిగిందానికల్లా అందరూ అవునన్నవాళ్లే. కాదన్నది ఈమె ఒక్కతే."

"మరి నా ఉద్యోగం, మేడం?"

"ఉంటుందిలెండి."

సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది: ఇకపై క్యాంటీన్‌కు ఏం కొన్నా, ముందు హిడ్మే సంతకం పడితేనే పైడిరాజు సంతకం చెల్లుతుంది.