బోణీకి పోయిన చిలకలు

రేపు తెల్లవారకముందే అహోబిలం ప్రయాణం. మనవరాలు శ్రీవాసవికి పుట్టువెంట్రుకలు. ఆలూరు బజారులో బట్టల అంగడి నడిపే పెంచలయ్యకు ఆ పొద్దున పనులు రెండే. ఒకటి, తన పెళ్లినాటి పట్టుపంచెను కంబన్న దగ్గర ఇస్త్రీకి ఇవ్వడం. ఇంట్లో ఏ శుభకార్యానికైనా ఆయన ఆ పంచె కట్టుకుని ఫోటోకు నడిమధ్యలో నిలబడాల్సిందే. పెళ్లికూతుళ్లయినా పక్కకు జరగాల్సిందే. రెండు, భార్య రాజ్యలక్ష్మమ్మ కుట్టిన పావడా జాకెట్టూ కూడా అక్కడే ఇవ్వడం.

ఆ జత సంగతి కాస్త చెప్పాలి. రాజ్యలక్ష్మమ్మ తన తల్లి పెళ్లిచీర కత్తిరించి, మిషను ముట్టకుండా మొత్తం చేత్తోనే కుట్టింది. జాకెట్టు చుట్టూ చిలకలు. ఒంటికి కాడకుట్టు, రెక్కలకు గొలుసుకుట్టు. అన్నిటికీ కళ్లు పెట్టింది గాని, ఒక్కదానికి మాత్రం పెట్టలేదు. ఆమె పుట్టింటి పద్ధతి అది. బిడ్డకు తొడిగి, ఒళ్లో కూర్చోబెట్టుకుని ఆ చివరి కంటి ముడి వేయాలి. అంతవరకు అది వట్టి గుడ్డ. ముడి పడ్డాక ఆ బిడ్డ సొత్తు, ఇంకెవరికీ తొడగకూడదు.

"జాగర్తండీ. అది నలిగిందంటే నా పానం పోయినట్టే," అంది రాజ్యలక్ష్మమ్మ.

"నాకు చెప్తాండావా? గుడ్డల మధ్యనే పుట్టినోణ్ణి," అన్నాడు పెంచలయ్య.

పంచెను కంబన్నకు ఇచ్చాడు. జతను మాత్రం ఇవ్వబుద్ధి కాలేదు. ఇంత పనితనం రేపటిదాకా సంచిలో పడి ఉండడమా? ఎదురంగడి రాజశేఖర్ ఒక్కసారి చూసి కుళ్లుకోవద్దా? ఒక్క గంటేలే అనుకుని, అంగడి ముందున్న పిల్లబొమ్మకు దాన్ని తొడిగి, మీసం దువ్వుకుంటూ కూర్చున్నాడు.

రాజశేఖర్ రాలేదు. పక్క పల్లె నుంచి గిడ్డమ్మ వచ్చింది.

"సావుకారూ, ఆ బొమ్మకేసింది తియ్యి. మా శివజ్యోతికి పుట్టెంటికలు తీపిస్తాండాం. ఎంతయితాది?"

'అది అమ్మేది కాదు' అనే మాట పెంచలయ్య నాలిక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. బోణీ బేరం! ఆయన తండ్రి కాలం నుంచీ ఆ అంగట్లో బోణీకి వచ్చిన మనిషిని లేదని పంపింది లేదు. అందుకని మహా తెలివిగా ఆలోచించి, విన్నదే తడవుగా గిడ్డమ్మ గడప దిగిపోయేంత ధర చెప్పాడు.

గిడ్డమ్మ దిగిపోలేదు. జాకెట్టును తిరగేసి లోపలి కుట్టు వేలితో తడిమి చూసింది. "బిడ్డకు కాకుంటే ఈ దుడ్లు ఎందుకప్పా?" అని నడుము సంచి విప్పింది. పెంచలయ్య చేతులు ఇన్నేళ్ల అలవాటు కొద్దీ నోట్లు కళ్లకద్దుకున్నాయి, జత మడిచి కవర్లో పెట్టాయి. "మళ్లీ రా తల్లీ" అని నోరు కూడా తన పని తాను చేసింది. ఆయన తేరుకునేసరికి గిడ్డమ్మ ఎక్కిన ఆటో మలుపు తిరిగింది.

అంతలో ఇంటి నుంచి ఫోను. "ఇస్త్రీ అయిందా?"

"కంబన్న దగ్గరే ఉండాది," అన్నాడు పెంచలయ్య, చెమట తుడుచుకుంటూ.

రాజ్యలక్ష్మమ్మ ఊరుకునే మనిషా? తనే బయల్దేరి కంబన్న బండి దగ్గరికి వెళ్లింది. కంబన్న తెల్లబోయాడు. "పంచె ఒకటే ఇచ్చినట్టుండాది కదమ్మా..." అని, వెంటనే చెంపలేసుకున్నాడు. "సావుకారు ఇచ్చినా అన్నాడంటే ఇచ్చే ఉంటాడు. నేనే యాడో పారేసినా." అని బజారందరి మూటలూ విప్పి రోడ్డు మీద పోశాడు. రాజశేఖర్ చొక్కాల మధ్య పక్కవీధి నాగక్క చీర కనిపించింది. "నా చీరకు ఆ మూటలో ఏం పని?" అని నాగక్క లేచింది. రాజశేఖర్ పెళ్లాం అంతకంటే గట్టిగా లేచింది. ఆ జాకెట్టు దొరికితేగాని తన పరువు దక్కదని రాజశేఖర్ మైకు ఆటోను పిలిపించాడు. కాసేపటికి, చిలకల జాకెట్టు దొరికినవాళ్లు పెంచలయ్య అంగట్లో ఇవ్వవలసిందని ఆలూరంతా వినిపించింది. పెంచలయ్యకూ వినిపించింది.

రాజ్యలక్ష్మమ్మను ముందుపెట్టుకుని జనం అంగడి ముందు మూగారు. కంబన్న ఉతికిన గుడ్డలో చుట్టిన పట్టుపంచె భుజాన వేసుకుని వచ్చి, ఇస్త్రీపెట్టెను పెంచలయ్య కాళ్ల దగ్గర పెట్టాడు. "ఇంక ఈ పని నాకొద్దు సావుకారూ. అమ్మ పానాన్ని పోగొట్టినా," అని బావురుమన్నాడు. పెంచలయ్య వంగి పెట్టెను అతని వైపు జరిపాడు.

"తీసుకోప్పా నీ పెట్టె. నువ్వు పారేయలేదు. నేనే..."

ఆ మాట పూర్తి కాకముందే ఆటో ఆగింది. గిడ్డమ్మ దిగింది. చంకలో మనవరాలు శివజ్యోతి, మనవరాలి ఒంటిమీద చిలకలు.

"ఏం సావుకారూ! బోణీకొచ్చిన మనిషికి గుడ్డి చిలకను అమ్ముతావా? కన్నన్నా పెట్టియ్యి, లేకుంటే నా దుడ్లు నాకియ్యి!"

బజారంతా పెంచలయ్య వైపు తిరిగింది. రాజ్యలక్ష్మమ్మ చూసిన చూపు సంగతి చెప్పకపోవడమే మంచిది. కాని ఆయనకు పోయిన ప్రాణం లేచొచ్చింది. "దుడ్లే ఇస్తా తల్లీ, ఇప్పుడే ఇస్తా!" అని గల్లాపెట్టె దగ్గరికి ఉరికాడు.

రాజ్యలక్ష్మమ్మకు మాత్రం ఒక్క మాటే చెవిలో పడింది. "నా చిలక గుడ్డిదా? నా పనికి వంక పెడతాండావా?"

"వంకేందమ్మా!" అంది గిడ్డమ్మ. "ఇట్లాంటి పని నేను పుట్టినాక సూళ్లేదు. తిరగేసి సూస్తి, లోపల గూడా పై మాదిరే ఉండాది. ఇంత సేసిన సెయ్యి ఆ ఒక్క కన్ను ఎందుకు మర్సిందా అని నా బాధ."

రాజ్యలక్ష్మమ్మ నిలువునా పొంగిపోయింది. ఆమె కుట్టింది చూసి బాగుందన్నవాళ్లు చాలామంది. తిరగేసి చూసినవాళ్లు ఇంతవరకు ఎవరూ లేరు, కట్టుకున్నవాడితో సహా. అంగడి మెట్టు మీద చతికిలబడి, శివజ్యోతిని ఒళ్లోకి తీసుకుని, సూదిలో దారం ఎక్కించింది.

"వద్దు లక్ష్మీ, వద్దు!" అంటూ నోట్లు పట్టుకుని పెంచలయ్య పరుగెత్తుకొచ్చాడు. అప్పటికే ముడి పడింది. చిలక కన్ను తెరిచింది.

"ఇంక ఇది ఈ బిడ్డదే," అంది రాజ్యలక్ష్మమ్మ. ఆయన చేతిలోని నోట్లు లాక్కుని పాప పిడికిట్లో పెట్టింది. "నా సూదికి ధర కట్టేది లేదు."

సంగతి తెలిసి గిడ్డమ్మ నోరు నొక్కుకుంది. "అయ్యో, మీ పాపకు మరి?"

"అదే అంటాండా! మీ అమ్మ చీరలో పేలిక గూడా మిగల్లేదంటివే. రేపు శ్రీవాసవికి ఏం తొడుగుతాం?" అన్నాడు పెంచలయ్య, ఏడుపు గొంతుతో.

రాజ్యలక్ష్మమ్మ కళ్లు మెల్లగా కంబన్న భుజం మీదికి పోయాయి.

"కత్తెర ఇట్లియ్యండి," అంది.

గిడ్డమ్మ పల్లెకు పోలేదు, గొలుసుకుట్టు అందుకుంది. నాగక్క తగవు పక్కనపెట్టి పావడా అంచు పట్టింది. మర్నాడు అహోబిలంలో శ్రీవాసవి నున్నటి గుండుతో, ఎర్రంచు పావడాతో, గుండెమీద ఒకే ఒక్క చిలకతో నానమ్మ ఒళ్లో కూర్చుంది. చివరి ముడి అక్కడే పడింది. ఇంత మంచి పట్టు యాడిదమ్మా అని అడిగిన ప్రతివాళ్లకూ రాజ్యలక్ష్మమ్మ జాకెట్టు తిరగేసి మరీ చూపించింది.

ఆనాటి ఫోటోలో పెంచలయ్య నూలుపంచెతో ఒక మూలకు నిలబడ్డాడు. ఆయన పట్టుపంచె మాత్రం ఎప్పటిలాగే నడిమధ్యలో ఉంది.