రెండు రూపాయల దారిఖర్చు, అను అక్కుపల్లి అంగుష్ఠసంగ్రామము

పశ్చిమమున మహేంద్రగిరి మేఘకిరీటధారియై నిలువ, తూర్పున సముద్రుడు తరంగబాహువు లెత్తి ఘోషింప, నడుమ నారికేళవనములు వింజామరలు వీచు ఉద్దానసీమయందు, పరిధావి నామ సంవత్సర మార్గశిర శుద్ధ దశమినాటి ఉదయమున, సూర్యభగవానుడు కొబ్బరిమట్టల సందున తొంగిచూచి, ఈ దినమున ఇచ్చట ఏదో జరుగునట్లున్నదని రథమును కొంచెము మెల్లగా నడిపించెను. ఆయన ఊహ తప్పలేదు. ఓ కుడిచేతి బొటనవేలా! చూపుడువేలు దారి చూపి పేరు పొందగా, ఉంగరపువేలు ఊరక కూర్చుండి బంగారము తొడుగుకొనగా, కాగితముల మీద మసి పూసుకొనుట మాత్రము నీ వంతైనది. నేడు నీ గాథయే పాడెదను. దయయుంచి నడుమ జారిపోకుము.

ఆ ఉదయమున అక్కుపల్లిలో వరహాలమ్మగారి లోగిలి ముంగిట నిలిచిన వీరుని పేరు కూర్మనాథము. అతడు కత్తి పట్టినవాడు కాడు. వరహాలమ్మగారి కొమారుడు గోపాలరావుగారు ఆ తీరమున కొత్తగా నెలకొల్పిన ఆవిరి నూనెమిల్లు పేరును పత్రికల కెక్కించుటయే అతని ఉద్యోగము. నెలకు తొమ్మిది రూపాయలు, ఏడాదికి రెండు పంచెలు. ఆ ఉద్యోగధర్మము చొప్పున అతడు శ్రీకాకుళమునుండి ఢిల్లేశ్వరరావను విలేఖరిని రప్పించెను. ఢిల్లేశ్వరరావు ఏ పత్రికకును జీతగాడు కాడు. వ్రాసినదానిలో అచ్చయిన పంక్తులకు మాత్రమే, అదియు పత్రికవారికి జ్ఞాపకము వచ్చినప్పుడు, డబ్బు పుచ్చుకొను స్వతంత్రుడు. ఆ స్వాతంత్ర్యమునకు గుర్తుగా ఆయన చెప్పులలో ఒకటి కొబ్బరితాటితో కట్టబడియుండెను.

అట్టి మహానుభావునికి జాబు వ్రాయుచు కూర్మనాథము, "తమ రాకపోకల ఖర్చు యావత్తు, తమరు తిరుగుప్రయాణమునకు బండి యెక్కకముందే చేతిలో పెట్టబడును" అని వాగ్దానము చేసి, ఆ వాక్యము క్రింద రెండు గీతలు గీసెను. ఆ రెండు గీతలే అతని కొంప ముంచినవి.

రైలుకు రానుపోను పద్దెనిమిదణాలు. పలాస స్టేషనునుండి అక్కుపల్లికి నూకయ్య బండికి రానుపోను పద్నాలుగణాలు. వెరసి రెండు రూపాయలు. బండికిరాయి రెండువైపులదియు ముందే చెల్లించుటచే, ఢిల్లేశ్వరరావు జేబులో మిగిలినది ఒక పెన్సిలు. సాయంకాలపు రైలు అందవలెనన్న మిట్టమధ్యాహ్నమునకే బండి కదలవలెను. రైలెక్కవలెనన్న టిక్కెట్టు కావలెను. టిక్కెట్టుకు ఆ డబ్బు కావలెను. కూర్మనాథము తన జేబు తడుముకొనగా మూడణాలును, ముక్కుపొడుము డబ్బియు తగిలెను.

మిల్లంతయు చూచి వచ్చిన ఢిల్లేశ్వరరావు అరుగుపై కూర్చుండి మెల్లగా అనెను: "కూర్మనాథంగారూ, ఏటీ అనుకోకండి. పద్నాలుగేళ్ల నుంచి ఇలాగే ఊళ్లు తిరుగుతున్నాను. పిలిచినప్పుడు దారిఖర్చు ఇస్తామనే అంటారందరూ. వచ్చీసాక, ముందు అచ్చవనీండి అంటారు. అచ్చయీసాక, మా గురించి నాలుగు మంచి ముక్కలేనా రాశావా అంటారు. నేను అప్పు చేసి వచ్చాను. మీరూ ఆ బాపతే అయితే ఇప్పుడే చెప్పీండి. నడక మొదలెట్టుకుంటాను."

ఆ మాట కూర్మనాథుని గుండెలో ములుకువలె దిగెను. సిగ్గుతో అతని చెవులు వేడెక్కెను. అతడు ఉత్తరీయము నడుమునకు బిగించి, కుడిచేయి ఆకాశమున కెత్తి ఇట్లు గర్జించెను: "నిలువుడు, పంతులుగారూ! సంద్రము ఎండి ఉప్పుమడియైనను కానిండు, కొబ్బరిచెట్టు తలక్రిందుగా మొలిచినను మొలవనిండు, కూర్మనాథుని రెండు గీతలు వమ్ముగావు! సూర్యుడు నడినెత్తికి వచ్చులోగా తమ హస్తమున రెండు రూపాయలు పెట్టకుంటినా, ఇక ఈ జన్మమున జాబు వ్రాయను, కలము ముట్టను!"

ఇట్లు పలికి అతడు లోపలికి పోయెను. గోపాలరావుగారు పనిమీద టెక్కలి పోయియుండుటచే ఆ దినమున ధనాగారమునకు వరహాలమ్మగారే అధిపతి. ఇనుపపెట్టెపై ఆమె, ఆమె నడుమున తాళపుచెవుల గుత్తి. కోట మీద కోట. ఆమెకు చదువు రాదు. రానందున అక్షరముల నెన్నడును నమ్మదు.

"అమ్మగారూ, రెండు రూపాయలకి ఆ విలేఖరిగారు సంతకం చేసి ఇచ్చీశారండి."

"సంతకం ఎవుడైనా సేత్తాడ్రా. అచ్చరాలు అందరివీ ఒక్కలాగే ఉంటాయి. ఏలు మాత్రం ఎవుడి ఏలు ఆడిదే. డబ్బులు పుచ్చుకున్నోడి ఏలిముద్ర గావాల నాకు."

"పుచ్చుకున్నది బండివాడూ, రైలువాడూనండి."

"ఐతే ఆలిద్దరి ఏలిముద్రలూ అట్టుకురా."

"రైలువాడిదంటే స్టేషను మాస్టరుగారి వేలు అడగాలమ్మా!"

వరహాలమ్మగారు క్షణకాలము యోచించెను. "సర్లే. రైలు ధర గోడమీద రాసుంటాదంట, ఊరందరికీ తెలుసు. ఆ ఏలొదిలీసేను. బండోడి ఏలు మాత్రం వదల్ను. అది పడితేగాని పెట్టి తెరను. తీత్తే రెండ్రూపాయలూ ఒక్కపాలే తీత్తాను."

అంతట కూర్మనాథము వామహస్తమున రసీదు కాగితమును, దక్షిణహస్తమున సిరాబుడ్డియు ధరించి పెరటిలోనికి దండయాత్ర వెడలెను. అచ్చట నూకయ్య ఎడ్లకు గడ్డి వేయుచుండెను. ఉద్దానపు తోటలలో ఎలుగుబంటి ఎదురైనప్పుడు బండి దిగి ములుగర్రతో దానిని అదలించిన శూరుడాతడు. అట్టివాడు కాగితమును చూచెను, సిరాబుడ్డిని చూచెను, "ఒక్క వేలిముద్ర వెయ్యరా నూకయ్యా" అను మాట చెవిని బడినంతనే గడ్డిమోపు విడిచి, ఒక్క పరుగున ఎదుటి కొబ్బరిచెట్టు నెగబ్రాకి, మట్టల నడుమ బొటనవ్రేళ్లు రెండును పిడికిళ్లలో దాచుకొని కూర్చుండెను.

కూర్మనాథము దుర్గము నెట్లు ముట్టడింపవలెనో ఎరుగడు గాని, ఉపన్యాసమెట్లు చేయవలెనో ఎరుగును. "ఓయి శకటసారథీ! వృషభద్వయనాయకా! భల్లూకభయంకరా! మసిబొట్టునకు వెరచి మ్రాను నాశ్రయించుట నీ శౌర్యమునకు తగునా? అవరోహింపుము! అంగుష్ఠమును ప్రసాదింపుము!"

పైనుండి జవాబు వచ్చెను: "ఏటి బాబూ నువ్వనేది? తెలుగులో సెప్పు."

"కిందికి దిగి వేలెయ్యమంటున్నాన్రా!"

"అద్దీ, అలగ సెప్పు. దిగను."

"పద్నాలుగణాలు నీకు ముట్టాయని చెప్పడానికేరా. నీ సొమ్మేటీ పోదు."

"మా అయ్యకీ అలగే సెప్పినారు. బత్తాడు దాన్యం అప్పిచ్చి, ఒక్క ఏలిముద్ర ఎయ్యరా అన్నారు. ఏసినాడు. పన్నెండు కొబ్బరిసెట్లు ఎల్లిపోనాయి. ఆ కాయితంలో ఏటుందో ఆడికి ఎవులూ సదివి సెప్పనేదు. సచ్చిపోయేముందు నా సెయ్యట్టుకుని ఒకటే మాటన్నాడు, నువ్వు మాత్రం ఏలెయ్యకురా అనీసి."

కూర్మనాథము మరల నోరు తెరువబోవగా, నూకయ్య కాలు తగిలియో, కావలెననియో, ఒక కొబ్బరిబొండము రివ్వున దిగి అతని ప్రక్కన భూమిని గ్రుద్దెను. సేనాని మూడడుగులు వెనుకకు వేసెను. సూర్యుడు మాత్రము ముందుకే నడుచుచుండెను.

ఇక చెప్పుటకు నాకును సిగ్గుగా నున్నది గాని, వీరుడైనంత మాత్రమున నీతి తప్పడని ఎచ్చటను లేదు. కూర్మనాథము గడ్డికుప్ప వెనుకకు పోయి, నలుదెసలు పరికించి, తన బొటనవేలినే సిరాలో ముంచి కాగితముపై అద్దెను. దానిని తీసికొనిపోయి వరహాలమ్మగారి చేతికిచ్చెను. ఆమె కిటికీ వెలుతురున రెప్పపాటు చూచెను.

"ఇది బండోడి ఏలు కాదురా. పగ్గాలట్టుకున్న ఏలికి గీతలరిగిపోతాయి. ఇది సిరాబుడ్డి కన్నా బరువు మొయ్యని ఏలు. నీదే."

కూర్మనాథునికి భూమి రెండుగా చీలిన బాగుండుననిపించెను. దారిఖర్చు కోసము దొంగముద్ర వేసినవాడు రేపు మిల్లునుగూర్చి ఏమి చెప్పినను ఎవడు నమ్మును? అతడు తల వంచుకొని ఉన్నది ఉన్నట్లు చెప్పివేసెను. నూకయ్య భయమును చెప్పెను, చెట్టెక్కుటను చెప్పెను, బయట అరుగుపై ఖాళీజేబుతో కూర్చున్న పెద్దమనిషిని చెప్పెను. వరహాలమ్మగారు ఇనుపపెట్టె దిగెను. తాళపుచెవులు ఘల్లుఘల్లుమన ఆమె స్వయముగా పెరటిలోనికి వచ్చెను. ఢిల్లేశ్వరరావు కూడ వెనుకనే వచ్చెను.

"ఒరే నూకయ్యా! దిగరా. నిన్నేటి తినీసేత్తానేటి?"

"తవరు తినరు తల్లీ. కాయితం తింటాది."

"మీ అయ్య సెట్లు అట్టుకుపోనోడెవుడో ఆడినడుగు. నా సెట్టెక్కి కూకోడం ఏట్రా?"

పైన మట్ట ఒకటి ప్రక్కకు తొలగెను. పిదప నూకయ్య గొంతు చిన్నదిగా వచ్చెను. "అదేనమ్మా. ఆ పన్నెండింట్లో ఇదొకటి."

ఢిల్లేశ్వరరావు జేబులోని పెన్సిలు తీసెను. తీసి, మరల లోపల పెట్టుకొనెను. వరహాలమ్మగారు తల యెత్తి ఆ చెట్టును మొదలునుండి కొనదాక చూచెను. ఇన్నేండ్లుగా దాని నీళ్లు త్రాగినదే గాని, దాని పుట్టుక ఆమె ఎరుగదు.

"నాకు తెల్దురా," అనెను. "మా ఇంటాయన కాయితాలు తెచ్చీవోరు, నాను పెట్టిలో ఎట్టీదాన్ని. సదవడం నాకూ రాదు."

"ఐతే తవరూ ఒక ఏలెయ్యండి తల్లీ. ముందు తవరిది. ఆ ఎనకాల నాది."

ముప్పదియేండ్లుగా ఊరివారి ముద్రలన్నియు సేకరించిన ఆ తల్లి, తన వేలిని ఒక్క కాగితముపైనను పెట్టి యెరుగదు. ఎవరేమి చెప్పినను వేలు వేయవద్దని భర్త ఆన పెట్టిపోయెను. ఆమె కుడిచేయి చప్పున పైటచెరగు చాటునకు పోయెను. కూర్మనాథము దానిని చూచెను. ఉదయమునుండి తాను కోట యనుకొన్నది కోట కాదు. చెట్టుమీద నున్నవాని భయమే క్రిందనున్నామెదియు. ఆ క్షణమున అతనికి ఇద్దరిమీదను జాలి కలిగెను.

అతడు గొంతు తగ్గించి, ఉపన్యాసము మానివేసి అనెను: "ఇద్దరూ వినండి. కొత్త కాగితం రాస్తాను. మీరు చెప్పిందే రాస్తాను. రాశాక ఈ పంతులుగారు చదివి వినిపిస్తారు. ఆయన నా జీతగాడూ కాదు, అమ్మగారి జీతగాడూ కాదు."

"ఎడ్లు పోవని రాయి," అని వృక్షాగ్రమునుండి ఆజ్ఞ వెలువడెను. వ్రాసెను. "బండి పోదని రాయి. ములుగర్ర కూడాను." బండి పోదని వ్రాసెను. "మా ఇంటిది?" "అదీ పోదురా." "రాయి మరి."

"నా ఇల్లు పోదని కూడా రాయి," అని వరహాలమ్మగారు మెల్లగా అందించెను. "పెట్టి కూడా."

ఇట్లు పద్నాలుగణాల రసీదు, ప్రపంచమున ఏయే వస్తువులు ఎవరినుండియు పోవో తెలుపు మహాశాసనమై కాగితము రెండవ ప్రక్కకు తిరిగెను. ఢిల్లేశ్వరరావు కంఠమెత్తి అక్షరమక్షరము చదివెను. ఒక్కచోట ఆగి, "కూర్మనాథంగారూ, ఇక్కడ ములుగర్ర మరిచారు" అనెను. చేర్చిరి. మరల మొదటినుండి చదివెను.

అప్పుడు వరహాలమ్మగారు కన్నులు మూసికొని, పండ్లు బిగించి, అంగుష్ఠమును సిరాలో ముంచి కాగితముపై నొక్కెను. దిక్కులు పిక్కటిల్లలేదు, కులపర్వతములు కంపింపలేదు, ఒక ఎద్దు తోక ఆడించెను. నూకయ్య చెట్టు దిగెను. ఆమె ముద్రను వంగి చూచెను. పంచెకు చేయి తుడుచుకొని, దాని ప్రక్కన తన వేలు వేసెను. రెండు నల్లని మచ్చలు. తడి ఆరువరకు నలుగురును వాటినే చూచుచు నిలిచిరి.

వరహాలమ్మగారు చెట్లు తిరిగి ఇచ్చెనా? ఇయ్యలేదు. ఇది అట్టి పురాణము కాదు. పోవుచు పోవుచు, "ఆ పడ్డ బొండాం నువ్వే అట్టుకుపోరా" అని మాత్రము అనెను. నూకయ్య దానిని చంకన పెట్టుకొని ఎడ్లను కట్టెను. ఇనుపపెట్టె తెరవబడెను.

ఢిల్లేశ్వరరావు అరచేతిలో రెండు వెండి రూపాయలు పడినవి. ఆయన వానిని రెండుమారులు లెక్కించెను. కన్నులు చెమర్చినవి. పిదప అనెను: "ఒక మాట ముందే చెప్పీడం మంచిది. మీ మిల్లు పొగ నేరుగా పల్లెవాళ్ల ఇళ్ల మీదికే పోతోంది. అది రాయకుండా ఉండలేను."

కూర్మనాథుని ఉద్యోగము ఒక్కసారి ఊగెను. అతడు దానిని పట్టుకొనెను. "రాయండి పంతులుగారూ. పొగ వస్తే వచ్చిందనే రాయండి. ఆ డబ్బు రాతకి ఇచ్చింది కాదు, దారికి ఇచ్చింది."

బండి కదిలెను. సూర్యుడు నడినెత్తికి వచ్చి, నీడలు పాదముల క్రిందికి చేరిన ఆ శుభముహూర్తమున, ఉద్దానవాసులారా, పలాస టెక్కలి పౌరులారా, వినుడు! రెండు రూపాయలు, ఖర్చుపెట్టినవాని చేతికే, అచ్చుకాకముందే, మెప్పు అడుగకుండగనే, సంపూర్ణముగా చేరినవి! జయ జయ! ఈ గాథ చదివిన విలేఖరులకు దారిఖర్చు బండి యెక్కకముందే ముట్టుగాక. చదివిన ప్రచారకులు వ్రాసిన జాబుకు కట్టుబడుదురుగాక. ఇక చదువలేనివారికి, వేలు పెట్టబోవు కాగితమును పెట్టకముందే చదివి వినిపించువాడొకడు దొరకుగాక.